మైసెల్ఫ్ సురేశ్ అట!

కడప ఏడు రోడ్ల దగ్గర సాయంత్రాలు స్పోకెన్ ఇంగ్లిష్ చెప్తుంటాను. ఇంటర్వ్యూ ప్రాక్టీస్ అనగానే ప్రతివాడూ లేచి 'మైసెల్ఫ్ సురేశ్' అంటాడు. 'ఐ యామ్ సురేశ్' అంటే చాలదా నాయనా! 'ఐ కట్ మైసెల్ఫ్' అంటే సరే, కోసిందీ నేనే, తెగిందీ నాకే. 'ఐ డిడ్ ఇట్ మైసెల్ఫ్' అని ఒత్తి చెప్పినా సరే. ఊరికే ముందు తగిలిస్తే కుదరదు.

మొన్న ఒకమ్మాయి 'సార్ కాల్డ్ మై బ్రదర్ అండ్ ఐ' అని స్టైల్‌గా రాసింది. అన్నను తీసేసి చదువు తల్లీ అన్నాను. 'సార్ కాల్డ్ ఐ...' అంటూనే పకపకా నవ్వి, 'ఐ' కొట్టేసి 'మి' రాసింది. ఈ ఒక్క చిట్కా ముందు గ్రామర్ పుస్తకంలో రూల్స్ ఎందుకూ పనికిరావు, నా లెక్కలో.

ఇక 'ఇట్స్'లో 'ఎస్' ముందు అపాస్ట్రఫీ, అంటే పైన పెట్టే కామా లాంటి గుర్తు, పెట్టాలా వద్దా అంటారా? 'ఇట్ ఈజ్' అనో 'ఇట్ హాజ్' అనో విడదీసి చదవండి. అతికితే పెట్టండి, లేదంటే వద్దు.