మంచి డిమ్ సమ్ కావాలంటే మూడో అంతస్తు ఎక్కాలి

హాంకాంగ్ వస్తున్నామని కబురు చేసే చుట్టాలు తప్పకుండా అడిగేవి రెండు. మొదటిది డిస్నీల్యాండ్ టికెట్ల సంగతి. రెండోది, మంచి డిమ్ సమ్, అంటే ఎక్కువగా ఆవిరి బుట్టల్లో వచ్చే చిన్న చిన్న చైనా పలహారాలు, ఎక్కడ దొరుకుతుందని. రెండోదానికి నేను వెంటనే హోటల్ పేరు చెప్పను. ఎంతమంది వస్తున్నారు, ఏ పూట తింటారు, పంది మాంసం ముట్టుకుంటారా అని ఎదురు ప్రశ్నలు వేస్తాను. "ఒక్క పేరు చెప్పవే తల్లీ అంటే ఇన్ని ఆరాలా" అని మా పిన్ని విసుక్కుంది.

విసుక్కున్నా సరే, ఆ మూడూ తెలియకుండా చెప్పే పేరు దండగ. డిమ్ సమ్ ఇక్కడ ఒక వంటకం కాదు, ఒక పూట. ఇక్కడి కాంటనీస్ భాష వాళ్లు తినడానికి వెళ్తున్నామని కూడా అనరు, యమ్ చాకి, అంటే టీ తాగడానికి వెళ్తున్నామంటారు. కూర్చోగానే అడిగేది ఏ టీ కావాలనే. బో లే నల్లగా, మట్టి వాసనతో ఉంటుంది. కొవ్వు తిండికి అదే జోడీ. అది సహించకపోతే మల్లెపూల వాసన పట్టించిన హ్యంగ్ పిన్ చెప్పుకోవచ్చు. తాగినా తాగకపోయినా టీకి తలకు ఇంతని బిల్లులో పడుతుంది. వేడివేడి టీతో కప్పులు, చాప్‌స్టిక్స్ కడిగి ఆ నీళ్లు పెద్ద గిన్నెలో వంపేయడం, పక్కవాళ్లు కప్పు నింపితే థాంక్స్ అన్నట్టు బల్ల మీద రెండు వేళ్లతో తట్టడం, టీ కుండ ఖాళీ అయితే మళ్లీ నింపమని మూత పక్కకు జరిపి ఉంచడం, ఇవన్నీ పక్క బల్ల వాళ్లను చూస్తే వచ్చేస్తాయి.

మంచి హోటళ్లకు మిషలిన్ గైడు ఇచ్చే నక్షత్రాల సంగతి ముందే తేల్చేద్దాం. 2009లో మాక్ క్వాయ్ పూయ్ అనే వంటమాస్టరు భాగస్వామితో కలిసి మాంగ్‌కాక్‌లో టిమ్ హో వాన్ అనే చిన్న కొట్టు తెరిచాడు. అంతకుముందు ఆయన పనిచేసింది ఫోర్ సీజన్స్ హోటల్లోని లుంగ్ కింగ్ హీన్‌లో. మూడు మిషలిన్ నక్షత్రాలు అందుకున్న మొదటి చైనీస్ రెస్టారెంట్ అదే. ఆ చేతి పని చవకగా దొరికేసరికి జనం విరగబడ్డారు, 2010 గైడులో ఆ కొట్టుకూ ఒక నక్షత్రం వచ్చింది. ఇప్పుడు దానికి దేశదేశాల్లో శాఖలున్నాయి. పైన తీపి పెళుసు పొర, లోపల చాసియూ, అంటే తియ్యగా కాల్చిన పంది మాంసం, ఉన్న వాళ్ల కాల్చిన బన్ను నాకిప్పటికీ ఇష్టమే. కానీ నక్షత్రం ఏనాటి సంగతో చెబుతుంది. డిమ్ సమ్ రుచి మాత్రం ఆ రోజు పొద్దున వంటింట్లో ఎవరి చేతులు పనిచేశాయన్న దాన్ని బట్టి ఉంటుంది.

అసలు తిప్పలు ఇక్కడే ఉన్నాయి. అద్దెలు, మాస్టర్ల జీతాలు భరించలేక ఈ ఊళ్లో చాలా హోటళ్లు ఫ్యాక్టరీలో చేసి గడ్డకట్టించిన సరుకు తెప్పించుకుని, ఆవిరి మాత్రం తాము పడతాయి. పేరు చెప్పను గానీ, ఫోన్లో ఫొటోలు మెరిసిపోయే ఒకచోట గంటకు పైగా వరసలో నిలబడితే, పైన పొగలు కక్కుతూ మధ్యలో చల్లగా ఉన్న సియూ మాయ్ (పంది మాంసం, రొయ్య కూరిన పొట్లాలు) పెట్టారు. అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికి వంట రానక్కర్లేదు. నా వెతుకులాటంతా అలాంటి బుట్టను తప్పించుకోవడానికే.

మొదటి గుర్తు అంతస్తు. వందల మంది పట్టే టీ హోటళ్లకు వీధి వైపు అద్దె గిట్టదు. అందుకే అవి రెండో అంతస్తులోనో మూడో అంతస్తులోనో, ప్రభుత్వ గృహ సముదాయాల పక్కనుండే పాత షాపింగ్ భవనాల్లోనో, కూరగాయల మార్కెట్ల పైనో ఉంటాయి. కింద ఒక లిఫ్టు, ఎర్ర అక్షరాల బోర్డు, అంతే. పొద్దున ఏడింటికి ఆ లిఫ్టు దగ్గర చేతికర్రలతో, మడిచిన పేపర్లతో ముసలివాళ్లు నిలబడి ఉంటే నేనూ ఎక్కేస్తాను. ఒక టీ, రెండు పలహారాలు అన్నది వాళ్ల పాత లెక్క, రోజూ అదే బల్ల. రోజూ తినేవాళ్లను గడ్డకట్టిన సరుకుతో ఎన్నాళ్లు మభ్యపెట్టగలరు? పైగా వాళ్లు సర్దుకుపోయే రకం కాదు. క్వారీ బేలో నా ఎదుట కూర్చున్న ఒక మామ్మగారు బుట్ట మూత తీసి, ఒకదాన్ని చాప్‌స్టిక్ కొనతో అటూ ఇటూ కదిపి, ఒక్క మాట అని మూత పెట్టేసింది. వడ్డించే ఆవిడ బుట్ట వెనక్కి తీసుకుపోయింది. క్షమాపణలు లేవు, గొడవా లేదు. కాసేపటికి వేరే బుట్ట వచ్చింది. ఆ హోటల్‌కు నేను ఇప్పటికీ వెళ్తుంటాను.

మా భవనం వాచ్‌మన్‌ను అడిగితే "మన కిందిదే" అన్నాడు. అంతకంటే మంచిది లేదా అంటే, టీ తాగడానికి బస్సెక్కాల్సిన అవసరం ఏమొచ్చిందని నన్నే ఎదురడిగాడు. ఆఫీసులో అడిగినా ఇదే వరస, ఎవరి పేటది వాళ్లకు గొప్ప. హోటళ్ల మంచి చెడ్డల కోసం ఇక్కడి వాళ్లు చూసుకునే ఓపెన్‌రైస్ యాప్‌లో నవ్వు మొహాలు, ఏడుపు మొహాలు ఉంటాయి. నేను చదివేది ఏడుపులే. వెయిటరు కసిరాడని ఏడిస్తే పట్టించుకోను, ఈ ఊళ్లో అది మామూలే. హా గావ్ పొర చిరిగిందని ఏడిస్తే ఆ వైపు వెళ్లను.

నా మొదటి పరీక్ష ఈ హా గావే. అంటే రొయ్య కూరి ఆవిరి మీద ఉడికించిన చిన్న పొట్లం. పై పొరకు మామూలు గోధుమపిండి పనికిరాదు, జిగురు కడిగి తీసేశాక మిగిలే గంజిపిండి కావాలి. దాన్ని మరిగే నీళ్లతో కలిపి, నూనె రాసిన వెడల్పాటి కత్తిని పడుకోబెట్టి ఒక్క నొక్కుతో పలుచని బిళ్లగా తిప్పుతారు. ఒకవైపు మాత్రమే కుచ్చిళ్లు పెడతారు. పది పన్నెండు కుచ్చిళ్లు పడ్డాయంటే చేయి తిరిగిన మాస్టరు ఉన్నట్టు. మూత తీయగానే పొర లోంచి రొయ్య గులాబీ రంగు కనిపించాలి. ఎత్తితే అడుగు కాగితానికి అంటుకోకూడదు, దారిలో చిరగకూడదు. కొరికితే రొయ్య కరుక్కుమనాలి. బుట్టలోని నాలుగూ అచ్చు గుద్దినట్టు ఉంటే నాకు అనుమానమే. చేత్తో చేసిన బుట్టలో ఒకటైనా కాస్త వంకరగా కూర్చుంటుంది. వచ్చిన వెంటనే తినాలి. ఫొటోలు తీస్తూ కూర్చుంటే పొర తెల్లబడి బిరుసెక్కుతుంది, ఆ తప్పు హోటల్‌ది కాదు.

రెండో పరీక్ష చంగ్ ఫన్. బియ్యప్పిండి జావను పలుచగా పోసి, ఆవిరి పట్టి, చుట్టి, పైన తియ్యటి సోయా పోస్తారు. దీని మెత్తదనం తెలుసుకోవాలంటే షామ్ షూయ్ పోలో హాప్ యిక్ తాయ్ అనే కొట్టుకు వెళ్లండి. అది డిమ్ సమ్ హోటల్ కాదు, వీధి తిండి కొట్టు. లోపల ఏమీ పెట్టని ఉత్త చుట్టలను కత్తెరతో ముక్కలు చేసి నువ్వుల సాస్, తీపి సాస్ పోసి ఇస్తారు. ఆ తరువాత ఎవరైనా మందపాటి చుట్టలు పెడితే నోరు ఒప్పుకోదు. ఇక తామరాకులో జిగురు బియ్యం, కోడి మాంసం కట్టి ఉడికించే లో మాయ్ గాయ్ ఉంది. ఆకు విప్పితే అమలాపురంలో పనసాకు బుట్టల్లో వేసే పొట్టిక్కలే గుర్తొస్తాయి, ఆవిరికి ఆకులోంచి దిగే పసరు వాసన అలాంటిది.

బుట్టలు పేర్చుకుని బల్లల మధ్య తిప్పే తోపుడు బళ్లంటే చుట్టాలకు మహా సరదా. వెల్లింగ్టన్ వీధిలోని లిన్ హ్యంగ్‌లో బండి వెంట జనం, తీసుకున్న బుట్టలకు ముద్ర వేయించుకునే కార్డులు పట్టుకుని పరుగెత్తేవారు. అది 2022లో మూతపడి తరువాత మళ్లీ తెరుచుకుంది. సెంట్రల్‌లో సిటీ హాల్ భవనంలోని మాక్సిమ్స్ ప్యాలెస్‌లోనూ బళ్లున్నాయి, కిటికీ లోంచి సముద్రమూ కనిపిస్తుంది. నా మటుకు నాకు కావాల్సినవాటికి పెన్సిలుతో టిక్కు పెట్టి ఇచ్చే కాగితమే మేలు. హాలంతా చుట్టి వచ్చిన బుట్ట కన్నా, నా కోసం పొయ్యి మీదికెక్కిన బుట్ట ఎప్పుడూ బాగుంటుంది. బండి ఉన్నచోటికే వెళ్లాలనుకుంటే వంటింటి తలుపు దగ్గరి బల్ల అడగండి. సముద్రం తరువాత చూసుకోవచ్చు.

ఒంటరిగా వెళ్లేవాళ్లకు ఇది కష్టమైన తిండే. బుట్టకు మూడో నాలుగో ఉంటాయి, రెండు బుట్టలకే కడుపు నిండుతుంది. కెన్నెడీ టౌన్‌లోని సన్ హింగ్ తెల్లవారకముందే తెరుచుకుంటుంది, యూనివర్సిటీ పిల్లలు రాత్రంతా మేలుకుని అక్కడికి వస్తారు. ముక్కూమొహం తెలియని వాళ్ల బల్ల దగ్గరే కూర్చోబెడతారు. ఉప్పుగుడ్డు కస్టర్డ్ బన్ను కొరికేటప్పుడు జాగ్రత్త, లోపలిది చొక్కా మీదికి చిమ్ముతుంది. నలుగురైదుగురు ఉంటే ఆదివారం మధ్యాహ్నం మాత్రం వద్దు, ఊరంతా తాతలతో మనవళ్లతో టీ హోటళ్లలోనే ఉంటుంది. పొద్దున పెందలాడే గానీ రెండు దాటాక గానీ వెళ్తే చాలాచోట్ల ధర కూడా తగ్గుతుంది.

మాంసం తినని వాళ్లకు మామూలు హోటళ్లలో చిక్కే. ముల్లంగి అట్టు అనగానే మా వాళ్ల మొహాలు వెలిగిపోతాయి, కానీ అందులో ఎండురొయ్యలు, చైనా సాసేజి ముక్కలు ఉంటాయి. వాళ్లను నేను డైమండ్ హిల్ తీసుకుపోతాను. అక్కడ నాన్ లియాన్ తోటలో, జలపాతం వెనక, చీ లిన్ సన్యాసినుల మఠం వారి శాకాహార హోటల్ ఉంది. బౌద్ధుల పద్ధతి కాబట్టి ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు, మడి కట్టుకునే పెద్దవాళ్లూ నిశ్చింతగా తినొచ్చు. హాంకాంగ్ పార్కులో టీ పాత్రల మ్యూజియం పక్కనున్న లాక్ చాలో కూడా శాకాహారమే, టీ ఇంకా బాగుంటుంది. ఏదైనా ముందు ఫోన్ చేసి బల్ల చెప్పుకోవాలి. చైనా నెలలో ఒకటో రోజు, పదిహేనో రోజు అయితే మరీను. ఆ రెండు రోజులూ మాంసం మానేసేవాళ్లు చాలామంది. మన క్యాలెండర్‌లో అమావాస్య, పౌర్ణమి చూసుకుంటే ఒక రోజు అటూ ఇటూగా సరిపోతుంది.