హీట్ వీల్ తిరిగితే చాలదు: టీఎఫ్ఏ కమిషనింగ్‌లో నా అనుభవం

హైదరాబాద్‌లో ఒక ఆఫీసు భవనం, టెర్రస్ మీద టీఎఫ్ఏ యూనిట్, అంటే బయటి తాజా గాలిని వడపోసి, చల్లబరిచి లోపలికి పంపే యంత్రం. తాజా గాలి 3000 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు). లోపల సుమారు 1150 మి.మీ. వ్యాసమున్న ఎంథాల్పీ వీల్ (వేడితో పాటు తేమనూ మార్పిడి చేసే హీట్ వీల్), నిమిషానికి 20 చుట్లు. ఆఫీసులోంచి బయటికి పోయే గాలి వీల్‌లో ఒక సగాన్ని చల్లబరుస్తుంది. ఆ సగం తిరిగి ఇవతలికి వచ్చి బయటి వేడి గాలిని చల్లబరుస్తుంది. చలి దేశాల్లో ఇదే వీల్ పోయే గాలిలోని వేడిని వెనక్కి తెస్తుంది. మనకు మే నెలలో వెనక్కి రావాల్సింది చల్లదనం.

కమిషనింగ్‌కు, అంటే యూనిట్ సరిగ్గా పనిచేస్తోందో లేదో పరీక్షించడానికి, నేను వెళ్లేసరికి వీల్ తిరుగుతోంది, ప్యానెల్ మీద అలారం లేదు. కొలతలు తీశాం: బయట 40 డిగ్రీలు, వీల్ దాటాక తాజా గాలి 33.1, ఆఫీసు నుంచి యూనిట్‌లోకి వచ్చే రిటర్న్ గాలి 27.6. గరిష్ఠంగా రాగల 12.4 డిగ్రీల తేడాలో 6.9 వచ్చింది, అంటే 56 శాతం. కేటలాగ్‌లో 80 అని ఉంది. ఈ ఒక్క లెక్క చూసి వీల్ పాడైందని తేల్చేయడం సైట్లలో తరచూ జరుగుతుంది. దయచేసి అలా చేయకండి, ముందు గాలి కొలవండి. గాలి వేగం కొలిచే పీటో ట్యూబ్‌తో డక్ట్ అడ్డకోత అంతటా రీడింగులు తీస్తే తాజా గాలి 3000 ఉంది, రిటర్న్ మాత్రం 2100. సామర్థ్యాన్ని రెండింటిలో తక్కువ ఉన్న గాలితో పోల్చి లెక్కించాలి. 56ని 3000తో హెచ్చించి 2100తో భాగిస్తే సరిగ్గా 80. వీల్ తన పని తాను చేస్తూనే ఉంది.

మరి లోపం ఎక్కడ? ఆఫీసులో రిటర్న్ గ్రిల్ దగ్గర గాలి 24.5 డిగ్రీలు. అదే గాలి టెర్రస్ చేరేసరికి 27.6. డక్ట్ పైకి వచ్చే షాఫ్ట్‌లోకి దిగి, వెలిగించిన అగరుబత్తిని డక్ట్ ముక్కలు కలిసే ఫ్లాంజి దగ్గర పట్టుకున్నాం. పొగ పైకి లేవలేదు, పక్కకు తిరిగి జాయింట్ సందులోకి దూరిపోయింది. మూడు జాయింట్లకు అసలు గాస్కెట్టే లేదు. రిటర్న్ డక్ట్ చూషణలో ఉంటుంది కాబట్టి అందులోంచి గాలి బయటికి కారదు, బయటి గాలే లోపలికి వస్తుంది. అందుకే చెయ్యి పెట్టి చూసినా తెలియదు. షాఫ్ట్‌లో 38 డిగ్రీలు. ఉష్ణోగ్రతల లెక్క వేస్తే 2100లో సుమారు 480 సీఎఫ్ఎం షాఫ్ట్ గాలే. ఆఫీసు నుంచి నిజంగా వస్తున్నది 1620. యూనిట్ దగ్గరి సెన్సార్లనే నమ్ముకుంటే ఈ లోపం ఎప్పటికీ బయటపడదు. వేడెక్కిన రిటర్న్‌తో లెక్కించినా శాతం బాగానే కనిపిస్తుంది. అందుకే గ్రిల్ దగ్గర కొలవందే నేను రిపోర్టు మీద సంతకం పెట్టను.

గాస్కెట్లు వేసి, సీలెంట్ పూసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ పెంచి రిటర్న్‌ను 2400కు తెచ్చాం. టాయిలెట్ ఎగ్జాస్ట్ 400 వేరే ఫ్యాన్‌తో పోతుంది, మిగిలిన 200 భవనంలో కాస్త పాజిటివ్ ప్రెషర్ నిలవడానికి. రిటర్న్ 25కు దిగింది, తాజా గాలి 30.6 అయింది. కూలింగ్ ఆదా 3 టన్నుల నుంచి 4 టన్నులకు పెరిగింది. ఈ లెక్కలో హైదరాబాద్ ఎత్తును మరిచిపోవద్దు. సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల పైన గాలి పలచన, వేడికి ఇంకాస్త పలచన. సీఎఫ్ఎం నుంచి కూలింగ్ లెక్కించడానికి మామూలుగా వాడే 1.08 గుణకం బదులు 0.98 తీసుకున్నాం.

తర్వాతిది వాసన సమస్య. పాంట్రీలో కాఫీ వాసన తాజా గాలిలో కూడా వస్తోందన్నారు. ఆఫీసు నిండుగా ఉన్న మధ్యాహ్నం కార్బన్ డయాక్సైడ్ కొలిచాం: బయట 430 పీపీఎం, రిటర్న్‌లో 850, వీల్ దాటిన తాజా గాలిలో 472. 42ని 420తో భాగిస్తే 10 శాతం పాత గాలి తిరిగి లోపలికే వస్తోంది. కారణం ప్రెషర్. వీల్ దాటాక తాజా గాలి వైపు మైనస్ 260 పాస్కల్స్, వీల్‌లోకి వచ్చే రిటర్న్ వైపు మైనస్ 150. గాలి ఎక్కువ ప్రెషర్ నుంచి తక్కువకు పోతుంది కాబట్టి రెండు గాలులనూ వేరుచేసే సీల్ సందుల్లోంచి పాత గాలి ఇటు దూరుతోంది, వీల్‌లో చిక్కిన పాత గాలిని తాజా గాలితో బయటికి నెట్టే పర్జ్ సెక్టార్ కూడా పనిచేయడం లేదు. వీల్‌కు ముందు రిటర్న్ డ్యాంపర్‌ను కొంత మూసి ఆ వైపు మైనస్ 300కు దించాం. తగ్గిన గాలిని వీఎఫ్‌డీతో మళ్లీ 2400కు తెచ్చాం. తాజా గాలిలో కార్బన్ డయాక్సైడ్ 443కు దిగింది, అంటే 3 శాతం. ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కు కరెంటు కాస్త ఎక్కువవుతుంది, అది ఒప్పుకోవాల్సిందే.

సీల్స్ చూడటానికి కాగితం ముక్క చాలు. యూనిట్ ఆపి, కరెంటు ఆపే ఐసొలేటర్ స్విచ్ లాక్ చేసి, సీల్‌కూ వీల్‌కూ మధ్య కాగితం పెట్టి వీల్‌ను చేత్తో తిప్పాలి. కాగితం తేలిగ్గా రాసుకుంటూ కదలాలి. ఇరుక్కుంటే సీల్ అరిగిపోతుంది, జారి పడితే సందు ఎక్కువున్నట్టు.

మేలో చేసిన పరీక్ష సగమే. అప్పుడు బయటి గాలిలోని తేమ ఇంచుమించు లోపలంతే ఉంటుంది. వర్షాకాలంలో 30 డిగ్రీలు, 75 శాతం ఆర్ద్రత ఉన్న రోజున కిలో గాలికి బయట 21 గ్రాముల నీరు, లోపల 11. వీల్‌కు అసలు పని అప్పుడే. జులైలో మళ్లీ వెళ్లి వీల్ అంచున సుద్దముక్కతో గీత గీసి నిమిషం లెక్కపెడితే 12 చుట్లే. కొత్త బెల్టు సాగి జారుతోంది. వేగం తగ్గితే ముందు దెబ్బతినేది తేమ మార్పిడి, ఉష్ణోగ్రతల్లో తేడా పెద్దగా కనపడదు. బెల్టు బిగించి 20కి తెచ్చాం.

ఫిల్టర్లు రెండు వైపులా ఉండాలి. రిటర్న్ వైపు లేకపోతే ఇంటీరియర్ పనుల జిప్సం దుమ్మంతా వీల్ పూతలోకే చేరుతుంది. దాన్ని వ్యాక్యూమ్‌తో తీయాలి, తయారీదారు చెప్పనిదే నీళ్లు కొట్టొద్దు.

చివరిగా బీఎంఎస్‌లో (భవనంలోని యంత్రాలను నడిపే కంప్యూటర్ వ్యవస్థ) ఒక లాజిక్ పెట్టించాం. డిసెంబరు ఉదయాల్లో బయట 16 డిగ్రీలుండి లోపల కూలింగ్ నడుస్తున్నప్పుడు వీల్ తిరిగితే ఊరికే వచ్చే చల్లగాలిని అదే వేడిచేస్తుంది. కాబట్టి బయటి గాలి ఎంథాల్పీ (వేడి, తేమ కలిపిన మొత్తం శక్తి) రిటర్న్ కన్నా తక్కువైతే వీల్ ఆగుతుంది. ఒకే చోట దుమ్ము పేరుకోకుండా గంటకోసారి కొన్ని సెకన్లు తిరుగుతుంది.