కింది గదులు

ఆదివారం. తెల్లవారుజాము నుంచి ముసురు పట్టి కొండ కనబడలేదు. పెద్దమ్మకు ఇన్సులిన్, రెండు నూలు చీరలు తీసుకొని తిరుచానూరు దారిలోని వృద్ధాశ్రమానికి చేరేసరికి పదకొండయింది. ఆమె అడిగిన మొదటి మాట, "రాయలచెరువు నిండిందా నాయనా?" అని.

2021 నవంబరులో స్వర్ణముఖి పొంగి, తిరుపతి వీధుల్లో ఏరులు పారి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనన్న భయంతో దిగువ పల్లెలను ఖాళీ చేయించినప్పుడు ఆమె ఆ పల్లెల్లో ఒకదానిలో ఉండేది. అప్పటికి మోకాళ్లు సహకరించేవి కాబట్టి మూట నెత్తిన పెట్టుకొని తానే నడిచిపోయింది. ఇప్పుడు మంచం దిగాలన్నా ఆయా రావాలి.

మెట్లెక్కలేనివారికి కింది అంతస్తు గదులిచ్చారు. ఇన్నాళ్లూ అది నాకు దయగానే తోచింది. ఇవాళ గేటు దగ్గర కాలువ నీళ్లు మొదటి మెట్టును తాకడం చూశాక, 2020 జులైలో జపానులోని కుమమొతోలో నది పొంగి ఒక వృద్ధాశ్రమంలో 14 మంది చనిపోయిన సంగతి గుర్తొచ్చింది. సిబ్బంది, ఇరుగుపొరుగువారు ఒక్కొక్కరినే పై అంతస్తుకు మోస్తూ ఉండగానే నీరు ముంచేసింది. ఇక్కడ కింద పదకొండు మంది ఉన్నారు. రాత్రిపూట ఉండేది ఇద్దరు ఆయాలు.

మేనేజరుతో పైకి వెళ్లి చూశాను. హాలు నిండా దాతలిచ్చిన బియ్యం బస్తాలు. "కిందైతే చెమ్మకు పాడవుతాయని ఇక్కడ పెట్టించామండీ" అన్నాడాయన, తానన్న మాట తనకే వినబడినట్టు ఆగి.

నీరొక్కటే ముప్పు కాదు. 2017లో ఫ్లోరిడాలో తుఫాను దాటిపోయిన తరువాత, ఏసీలు పనిచేయక, ఒక నర్సింగ్ హోములో ఉక్కకు 12 మంది పోయారు. ఇక్కడ ఏసీలు లేవు గానీ, పెద్దమ్మ ఇన్సులిన్ ఉన్న ఫ్రిజ్, పక్క గదిలోని తాతగారి ఆక్సిజన్ యంత్రం కరెంటుతోనే నడుస్తాయి. ఉన్నది ఒక్క ఇన్వర్టరు. పోనీ ముందే తరలిద్దామంటే, 2011లో జపానులో అణువిద్యుత్ కేంద్రం ప్రమాదమప్పుడు ఫుకుషిమా నుంచి గంటల తరబడి బస్సుల్లో తీసుకెళ్లిన రోగులలో, వృద్ధులలో పలువురు దారిలోనో, ఆ తరువాతి రోజుల్లోనో మరణించారు. పెద్దమ్మ పక్కమంచం అవ్వ మతిమరుపుతో నన్ను తన కొడుకనుకుంటుంది. చీకట్లో ముక్కూమొహం తెలియనివారు ఆమెను ఎత్తుకుపోతే ఏమనుకుంటుందో!

బస్తాలు దించుదామన్నాను. మేనేజరు, వంటమనిషి, నేను కలిసి భోజనాల వేళకు తొమ్మిది దించి, బల్లల మీద పేర్చాము. రెండు మంచాలకు చోటు దొరికింది. మొదట ఎవరిని మోయాలో పేర్లు రాసి ఆయాల గది తలుపుకు అంటించమన్నాను. మేనేజరు సరేనన్నాడు, కాగితం మాత్రం నేనే తెచ్చి ఇచ్చాను.

సంగతి చెబితే పెద్దమ్మ ఒప్పుకోలేదు. "పైనుంచి జామచెట్టు కనబడదు. నీళ్లొచ్చినప్పుడు చూద్దాంలే" అంది.

రాత్రి ఎనిమిదికి ఫోను చేశాను. నీళ్లు ఇంకా మొదటి మెట్టు మీదే ఉన్నాయట.