మూస్‌లో క్రీమ్ తీసేయండి, చాక్లెట్ జోలికి పోకండి

చాక్లెట్ మూస్ అంటే చాక్లెట్, క్రీమ్ కలిపి నురగలా మెత్తగా చేసే చల్లటి స్వీటు. దాన్ని కాస్త లైట్‌గా చేద్దాం అనుకున్నప్పుడు మనలో చాలామందికి ముందు వచ్చే ఆలోచన చాక్లెట్ తగ్గించడం, లేదా చక్కెర తీసేసి ఏదో స్వీట్‌నర్ వేయడం. పిల్లలు ఒక్క స్పూన్ నోట్లో పెట్టుకుని కప్పు పక్కకి నెట్టేస్తారు. ఆ తర్వాత మనం ఏం చేసి పెట్టినా "ఇది హెల్దీదా?" అని అనుమానంగా అడుగుతారు. నా మాట వినండి, చాక్లెట్ ముట్టుకోకండి. దించుకోవాల్సిన బరువంతా క్రీమ్‌లో ఉంది.

లెక్క చూడండి. నాలుగు కప్పుల మూస్‌కి 100 గ్రాముల డార్క్ చాక్లెట్, 200 గ్రాముల విప్పింగ్ క్రీమ్ వేస్తే ఆ క్రీమ్ ఒక్కటే దాదాపు 680 క్యాలరీలు, 70 గ్రాముల కొవ్వు. అదే కొవ్వు తక్కువ గ్రీక్ యోగర్ట్ (నీరు వడకట్టిన గట్టి పెరుగు) 200 గ్రాములు అయితే 150 క్యాలరీలకి అటూ ఇటూ, కొవ్వు నాలుగైదు గ్రాములు, పైగా 20 గ్రాముల దాకా ప్రొటీన్. చాక్లెట్ రుచి ఎక్కడికీ పోదు.

నేను దీని వెంట ఇంతలా పడటానికి కారణం ఉంది. తెలుగు నేలకి దూరంగా పెరుగుతున్న మన పిల్లలకి మూస్ పరాయి వంట కాదు, స్నేహితుల ఇళ్ళలో, పుట్టినరోజుల్లో తింటూ పెరిగినది, వాళ్ళ చిన్నతనంలో భాగం. మనమేమో మన వంటలు వాళ్ళకి అలవాటు చేయాలని ఎంతో తాపత్రయపడతాం కానీ, వాళ్ళకి ఇష్టమైనది మన వంటింట్లోకి వచ్చేసరికి "అదంతా బయట తినేది" అని పక్కన పెట్టేస్తాం. పిల్లలు పైకి అనరు గానీ, వాళ్ళ ఇష్టానికి ఇంట్లో చోటు లేదని అర్థం చేసుకుంటారు. మా అమ్మ మా దగ్గరికి వచ్చి కొన్ని నెలలు ఉన్నప్పుడు మా అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న, "అమ్మా, మూస్ అమ్మమ్మ తినొచ్చా?" అని. అమ్మకి షుగర్ ఉంది, గుడ్డు తినదు. అమ్మమ్మకి వేరే గిన్నె, తనకి వేరే గిన్నె అంటే పిల్లకి నచ్చలేదు. అందరూ ఒకే గిన్నెలోంచి తినేలా చేయాలి. అక్కడ మొదలైంది ఇదంతా.

ఇంతకీ క్రీమ్ అక్కడ ఏం చేస్తోందో తెలిస్తే దాన్ని తీసేయడం తేలిక. విప్పింగ్ క్రీమ్‌లో 30 శాతం పైన కొవ్వు ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు చిలికితే ఆ కొవ్వు రేణువులు ఒకదానికొకటి అంటుకుని గాలి బుడగల చుట్టూ గోడ కడతాయి. అందుకే కొవ్వు తక్కువ ఉన్న క్రీమ్ కొని ఎంత చిలికినా నిలబడదు, చేయి నొప్పి తప్ప ఫలితం ఉండదు. అంటే క్రీమ్ రెండు పనులు చేస్తోంది, గాలిని పట్టి ఉంచడం ఒకటి, నోట్లో మెత్తగా జారడం ఇంకొకటి. ఈ రెండు పనులూ ఒకే పదార్థం చేయాలని ఎక్కడా లేదు. గాలి పని నురగకి అప్పజెప్పండి, మెత్తదనం గట్టి పెరుగుకి అప్పజెప్పండి.

నురగకి మామూలుగా గుడ్డు తెల్లసొన వాడతారు. మా ఇంట్లో అది కుదరదు కాబట్టి కాబూలీ శనగలు ఉడికిన నీళ్ళు వాడుతున్నాం, డబ్బాలో వచ్చేవాటిలో ఉంటుందే, ఆ చిక్కటి నీరు. దీన్ని ఆక్వాఫాబా అంటారు. 2014లో జోయెల్ రోసెల్ అనే ఫ్రెంచ్ సంగీతకారుడు ఈ నీళ్ళని కూడా తెల్లసొనలాగే నురగ కట్టించవచ్చని చూపించాడు. శనగల్లోంచి దిగిన ప్రొటీన్లూ పిండి పదార్థాలూ కలిసి ఆ పని చేస్తాయి. రెండు టేబుల్ స్పూన్ల నీరు ఒక తెల్లసొనకి సమానం. ఉప్పు వేయని డబ్బా తీసుకోండి. వాసన వస్తుందేమో అని టెన్షన్ పడకండి, చాక్లెట్ ముందు అది నిలవదు.

తెల్లసొన వాడేవాళ్ళకి ఒక్క మాట. మూస్‌లో గుడ్డు ఉడకదు, పచ్చిగానే ఉండిపోతుంది. చిన్నపిల్లలు, గర్భిణులు, వయసు పైబడినవాళ్ళు తింటున్నారంటే పాశ్చరైజ్ చేసిన (క్రిములు చచ్చేలా వేడి చేసి అమ్మే) తెల్లసొన కొనండి. కాస్త ఆలస్యంగా నురగ కడుతుంది, అంతే. ఈ విషయంలో రాజీ వద్దు.

ఇక చేసే తీరు. గ్రీక్ యోగర్ట్ 200 గ్రాములు ముందే ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టండి. ఇది మర్చిపోతే మిగతాదంతా వృథా, ఎందుకంటే చల్లటి పెరుగు తగలగానే కరిగిన చాక్లెట్ గడ్డకట్టి ఇసుకలా పలుకులు పలుకులుగా అయిపోతుంది. 70 శాతం డార్క్ చాక్లెట్ 100 గ్రాములు సన్నగా తరిగి, 60 మిల్లీలీటర్ల పాలతో కలిపి, వేడి నీళ్ళ గిన్నె మీద పెట్టి కరిగించండి. పాలు ధారాళంగా ఉండాలి. ఒకటి రెండు చుక్కల తడి తగిలితే చాక్లెట్ బిగుసుకుపోతుంది కానీ తగినంత పోస్తే నున్నగా కలిసిపోతుంది. గోరువెచ్చగా అయ్యాక ముందు ఒక్క స్పూన్ పెరుగు వేసి బాగా కలిపి, ఆ తర్వాత మిగతాది. చిటికెడు ఉప్పు.

వేరే గిన్నెలో నాలుగు టేబుల్ స్పూన్ల శనగ నీరు, నాలుగు చుక్కల నిమ్మరసం వేసి బీటర్‌తో చిలకండి. స్టీలు గిన్నె అయితే మంచిది, ప్లాస్టిక్‌కి పాత జిడ్డు పట్టుకుని ఉంటుంది, జిడ్డు ఉంటే నురగ లేవదు. మొదట సబ్బు నీళ్ళలా పెద్ద బుడగలు వస్తాయి, పిల్లలు అక్కడే నిరాశపడిపోతారు. ఆపకండి. కాసేపటికి బుడగలు చిన్నవై తెల్లగా మారుతుంది, అప్పుడు రెండు టేబుల్ స్పూన్ల చక్కెర కొద్దికొద్దిగా వేస్తూ ఇంకా చిలకాలి. మొత్తం పది నిమిషాల దాకా పట్టొచ్చు. గిన్నె బోర్లించినా కదలకుండా ఉంటే అయిపోయినట్టు. ఆ బోర్లించే పని మా అబ్బాయిది, ఇంకెవరూ చేయకూడదు. ఆ నురగని మూడు విడతలుగా చాక్లెట్‌లో వేసి స్పాచులాతో కింది నుంచి పైకి తిప్పుతూ కలపండి. మొదటి విడత నురగ ఎలాగూ కొంత అణిగిపోతుంది, పర్వాలేదు, అది చాక్లెట్‌ని వదులు చేయడానికే. కప్పుల్లో పోసి నాలుగు గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి.

ఈ పని చేస్తున్నంతసేపూ మా ఇంట్లో తెలుగు దానంతట అదే నడుస్తుంది. అమ్మమ్మ చెబుతుంటే వాళ్ళు చిలుకుతారు, వాళ్ళు చెబుతుంటే అమ్మమ్మ వింటుంది. తెలుగు నేర్పాలని వారాంతాల్లో పుస్తకం ముందు కూర్చోబెట్టినప్పుడు రాని వాక్యాలు ఇక్కడ వస్తాయి, చేతిలో పని ఉంది కాబట్టి.

గట్టిగా నిలబడాలని కొందరు జెలటిన్ వేస్తారు, అది జంతువుల నుంచి తీసేది, శాకాహారులు లేబుల్ చూసుకోవాలి. దాని బదులు సముద్రపు నాచు నుంచి తీసే అగర్ అగర్ వేస్తామంటే వేయొచ్చు కానీ నాకు నచ్చదు. జెలటిన్ నోటి వేడికి కరుగుతుంది, అగర్ కరగదు, మూస్ కాస్తా ముక్కలయ్యే జెల్లీ అవుతుంది. పైన చెప్పిన కొలతకి రెండూ అక్కర్లేదు, చాక్లెట్‌లోని కొవ్వు చల్లబడి తనే పట్టి ఉంచుతుంది.

షుగర్ ఉన్నవాళ్ళ సంగతి కూడా సూటిగా చెప్పాలి. ఇది క్రీమ్ లేని మూస్, చక్కెర లేని మూస్ కాదు. చాక్లెట్‌లోదీ మనం వేసినదీ కలిపి ఒక్కో కప్పులో 13, 14 గ్రాముల చక్కెర ఉంటుంది. అమ్మ సగం కప్పు తింటుంది, అదీ భోజనం లెక్కలోనే. స్వీట్‌నర్ల మీద నాకు నమ్మకం లేదు. బరువు అదుపు కోసం వాటి మీద ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2023లో చెప్పింది, అయితే ఆ సలహా అప్పటికే షుగర్ ఉన్నవాళ్ళని మినహాయించి ఇచ్చింది.

ఇంతకన్నా నాకు కష్టమైన పని ఇంకొకటి. వీడియో కాల్‌లో చుట్టాలు పిల్లని చూడగానే "ఏంటే ఇంత లావయ్యావు" అంటారు, లేదంటే "బక్కచిక్కిపోయావు, అమ్మ తిండి పెట్టట్లేదా" అంటారు. వాళ్ళ మనసులో ప్రేమే ఉంది, నాకు తెలుసు, నేనూ అలాంటి మాటల మధ్యే పెరిగాను. కానీ ఒంటి గురించి ఎవరూ ఎవరినీ ఏమీ అనకూడదని నేర్చుకుంటున్న పదకొండేళ్ళ పిల్లకి అది గుచ్చుకుంటుంది. ఒకసారి ఆ కాల్ తర్వాత మూస్ కప్పు ముట్టుకోలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో ఈ మూస్‌కి "లైట్" అన్న పేరు లేదు, క్యాలరీల మాట టేబుల్ దగ్గర రాదు, మూస్ అంటే ఇదే. ఈ లెక్కలన్నీ మీ కోసం రాశాను, పిల్లల ముందు చదవడానికి కాదు. చుట్టాలకి కూడా నేనే ఫోన్ చేసి చెప్పాను, "పిన్నీ, దాని చదువు గురించి అడగండి, ఆటల గురించి అడగండి, ఒళ్ళు గురించి మాత్రం వద్దు" అని. పిన్ని కొన్నాళ్ళు నొచ్చుకుంది. ఇప్పుడు కాల్‌లో "ఏం వండావే" అని అడుగుతోంది.

ఇంకొక్క సంగతి, రెండో రోజుకి కప్పు అడుగున కొంచెం నీరు ఊరుతుంది, పెరుగు ఉంది కదా. ఎవరైనా వస్తున్నారంటే ముందు రోజు రాత్రి చేయండి, అంతకన్నా ముందు వద్దు.