ఎలుకని తవ్వి తియ్యాలంటే ముందు దాని దారులు మూయాలి

వరి పొలం గట్టు మీద కన్నం కనబడగానే పార దించితే ఎలుక దొరకదు, గట్టు మాత్రం తెగుతుంది. మనం రెండడుగులు తవ్వేలోపు అది ఇంకో దారిన పక్క మడిలోకి దూకేస్తుంది. అసలు పని తవ్వకానికి ముందే ఉంది. ఏ కన్నంలో ఎలుక ఉందో తేల్చుకోవాలి, దానికి ఎన్ని దారులున్నాయో వెతకాలి, ఒక్కటి వదిలి మిగతావన్నీ మూయాలి. ఇది సరిగ్గా చేస్తే తవ్వకం తక్కువ, గట్టుకి దెబ్బా తక్కువ.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దీనికి మంచి అదను ఉడుపులకు (వరి నాట్లకు) ముందు, మే, జూన్ నెలలు. మడులు ఖాళీగా ఉంటాయి కాబట్టి ఎలుకలన్నీ గట్లు, చెరువు వారలు, గెడ్డ (వాగు) ఒడ్లు, గడ్డిమేట్ల కిందకి చేరి ఉంటాయి. తిండి తక్కువ కాబట్టి అప్పుడు ఈనడం కూడా తక్కువే. ఒక్క ఆడ ఎలుక అప్పుడు దొరికితే పొట్ట దశకి, అంటే వెన్ను ఇంకా కర్రలోనే ఉన్నప్పటికి, వచ్చే పిల్లలన్నీ తగ్గినట్టే, ఎందుకంటే పందికొక్కు మూడు వారాలకే ఈనుతుంది, ఈతకి అయిదారు పిల్లలు తక్కువ కాదు. రెండో అదను ఉడిచిన నెలా నెలన్నర లోపు. ఆ తర్వాత చేను కమ్ముకుంటుంది, గట్టు మీద కన్నం కనపడదు, తవ్వితే పైరు పాడవుతుంది. పిలక దశలో కొరికినా దుబ్బు మళ్లీ పిలక వేసి కొంత సర్దుకుంటుంది. పొట్ట దశలో ఏటవాలుగా కొరికేసిన కర్ర మాత్రం మళ్లీ ఈనదు. అందుకే నష్టం కళ్లబడ్డాక తవ్వకం మొదలెడదామంటే అది ఆలస్యమే.

మన మాగాణిలో ఎక్కువ పాడుచేసేది చిన్న పందికొక్కు. ముక్కు మొద్దుగా, ఒళ్లు ముదురు గోధుమ రంగులో, బొచ్చు గరుకుగా ఉంటుంది. పట్టుకోబోతే వెంట్రుకలు నిక్కబొడుచుకుని గుర్రుమంటుంది. దానితోపాటు మెత్తటి బొచ్చుండే పొలం ఎలుక, అన్నిటికన్నా చిన్నదైన చుంచు కూడా ఉంటాయి. చుంచు కన్నం బొటనవేలు పట్టేంతే. దాన్ని తవ్వడానికి పడే శ్రమకి ఫలితం దక్కదు, వదిలెయ్యడమే మేలు. ఈ పద్ధతంతా పందికొక్కు కోసం.

పందికొక్కు కన్నం ఎలా ఉంటుందో తెలిస్తే సగం పని తెలిసినట్టే. తవ్విన మట్టిని అది ఒకవైపుకే నెట్టి కుప్ప పోస్తుంది. ఆ కుప్ప కిందో, పక్కనో అసలు వాకిలి ఉంటుంది. లోపలికి వెళ్లాక చాలాసార్లు వాకిలిని మట్టితో మూసుకుంటుంది, అందుకే కుప్ప కనబడి కన్నం కనబడదు. లోపల సొరంగం గట్టు పొడవునా అడుగు, అడుగున్నర లోతులో సాగి కొమ్మలుగా చీలుతుంది. ఒక కొమ్మ చివర గడ్డిపరకలు పరిచిన గూడు ఉంటుంది, ఇంకో కొమ్మలో వెన్నులు కోసి పేర్చుకున్న గాదె ఉంటుంది. కోతల సమయంలో తవ్వితే గాదెలో కిలో దాటి ధాన్యం దొరకడం వింత కాదు. అన్నిటికన్నా ముఖ్యమైనది దొంగదారి. దాన్ని ఎలుక లోపలి నుంచి పైకి తవ్వుకుని, నేల పైపొర రెండు మూడు అంగుళాలుండగా ఆపేస్తుంది. బయట మట్టి కుప్ప ఉండదు, కన్నమూ కనపడదు. ప్రమాదం వస్తే ఆ పొరని తలతో పొడుచుకుని బయటపడుతుంది. తవ్వేవాళ్ల చేతిలోంచి ఎలుక జారిపోయేది ఎక్కువగా ఈ దారినే.

ముందు రోజు సాయంత్రం గట్టు పొడవునా నడిచి, కనబడిన ప్రతి కన్నాన్నీ తడిమట్టి ముద్దతో మూసి, పక్కన ఒక పుల్ల గుచ్చండి. తెల్లారేసరికి ఏ ముద్ద తొలగి ఉంటే ఆ కన్నంలో ఎలుక ఉన్నట్టు. అలాగే ఉన్న కన్నాల జోలికి వెళ్లొద్దు. ఈ ఒక్క పనితో తవ్వాల్సిన కన్నాలు బాగా తగ్గిపోతాయి. కొత్త మట్టికి గుర్తు అది తడిగా, పొడిపొడిగా ఉండడం. ఎండకి గట్టిపడి పైన పెచ్చు కట్టిందంటే పాతది. వాకిలికి సాలెగూడు అడ్డంగా ఉంటే లోపల ఎవరూ లేరు. నీటి వారన గుండ్రటి కన్నం, చుట్టూ బురద ఉండలు కనబడితే అది పీతది.

వాకిలి అంచు నున్నగా అరిగి, కొత్త మట్టి లేకుండా, చుట్టుపక్కల కుబుసం ముక్క గానీ కనబడితే పాము చేరిందని అనుకోవాలి. ఎలుక కన్నాలు జెర్రిపోతుకీ తాచుకీ కూడా ఇళ్లే. జెర్రిపోతు ఉన్న గట్టుకి మన సాయం అక్కర్లేదు, దాని పని దాన్ని చేసుకోనివ్వండి. తాచు ఉన్న కన్నాన్ని అసలు తవ్వకూడదు. అందుకే ఏ కన్నంలోనూ చెయ్యి పెట్టొద్దు. ఎలుక తోక కనబడినా సరే, పెట్టొద్దు. సొరంగం ఎటు తిరిగిందో తెలుసుకోవడానికి నాలుగైదు అడుగుల సన్నటి వెదురు బద్ద చాలు.

పనికి ముగ్గురు ఉండాలి. ఒకరు పొగకి, ఒకరు తవ్వడానికి, ఒకరు దొంగదారులు చూడ్డానికి. కావలసినవి పార, గునపం, బొరిగె (చేతితో తవ్వే చిన్న పనిముట్టు), బకెట్ తడిమట్టి, ఎండుగడ్డి, కాస్త తడిగడ్డి, గోనెసంచి, అంగుళం కన్నా చిన్న కన్నుండే పాత చేపల వల ముక్కలు, మోకాళ్ల దాకా బూట్లు, మందపాటి చేతితొడుగులు. పొగకి చేతితో తిప్పే పొగయంత్రం ఉంటే మంచిది. లేకపోతే అడుగున చిన్న చిల్లు పెట్టిన మట్టికుండ సరిపోతుంది. కుండలో గడ్డి కుక్కి, అంటించి, మూతిని కన్నానికి ఆనించి, చిల్లు దగ్గర గొట్టంతో ఊదుతారు. ఊదేవాళ్లు పొగ మింగుతారు కాబట్టి నా ఓటు యంత్రానికే.

గాలి ఎటు వీస్తోందో చూసి, పొగ మన మీదకి రాకుండా నిలబడాలి. ముందు ఎండుగడ్డి అంటించి మంట అందుకున్నాక పైన తడిగడ్డి వెయ్యాలి. మంట కాదు, దట్టమైన పొగ కావాలి. గొట్టం మూతిని ప్రధాన వాకిలిలో పెట్టి చుట్టూ తడిమట్టితో సందు లేకుండా మెత్తాలి. మొదటి నిమిషం పొగ పెట్టేది ఎలుకని చంపడానికి కాదు, దారులు కనిపెట్టడానికి. గట్టు మీదా, రెండు పక్కలా, పక్క మడి వారనా ఎక్కడెక్కడ పొగ సన్నగా లేస్తుందో చూడండి. నేల పొరలోంచి దారంలా లేచే పొగ దొంగదారి ఆనవాలు. మూడో మనిషి వెంటనే అక్కడ కాలితో నొక్కి తడిమట్టి అద్దాలి. ఎలుకని ప్రాణంతో పట్టాలనుకుంటే ఒక్క దారి వదిలి, దాని మీద వల పరిచి, అంచులకి పుల్లలు గుచ్చి, ఒకరు పక్కనే ఉండాలి. వలలో పడ్డ పందికొక్కు నైలాన్ దారాన్ని తొందరగానే కొరికేస్తుంది, అందుకే వల వేసి పక్కకి వెళ్లకూడదు. లోపలే పట్టాలనుకుంటే అన్నీ మూసి మూడు నుంచి అయిదు నిమిషాలు పొగ నింపి, వాకిలి కూడా మూసి కాసేపు ఆగాలి.

పొగ లోపలికి వెళ్లకుండా వెనక్కి మన ముఖం మీదకే తన్నుతోందంటే ఎలుక సొరంగంలో అడ్డంగా మట్టి మూత వేసుకుంది. ఇది చాలా తరచుగా జరుగుతుంది. అక్కడ ఎంత తిప్పినా లాభం లేదు. వాకిలి దగ్గర అడుగు మేర తవ్వి, మెత్తగా వదులుగా ఉన్న ఆ మూతని బొరిగెతో తీసేసి, దాని అవతల నుంచి మళ్లీ పొగ పెట్టాలి. నల్లరేగడిలో ఎండాకాలం గట్టు నిండా నెర్రెలుంటాయి, పొగంతా వాటిలోంచే పోతుంది. అలాంటిచోట ఒకటి రెండు వానలు పడి నెర్రెలు పూడేదాకా ఆగడం నయం. కన్నంలో నీళ్లు పోసి వెళ్లగొట్టడం చాలామంది చేసేదే గానీ, పందికొక్కు బాగా ఈదుతుంది, పైగా నానిన గట్టు జారిపోతుంది. ఇసుక పాలు ఎక్కువున్న వంశధార, నాగావళి ఒడ్డు పొలాల్లో అసలే పనికిరాదు.

తవ్వేటప్పుడు వెదురు బద్దని సొరంగంలోకి పోనిచ్చి, అది వెళ్లిన దిక్కునే రెండడుగుల చొప్పున పైనుంచి తెరుచుకుంటూ పోవాలి. గట్టు మొత్తాన్ని తిరగెయ్యనక్కర్లేదు. కొమ్మ చీలినచోట ఒకదాన్ని మట్టితో మూసి రెండోదాన్ని చూడాలి. గడ్డిపరకలు బయటికి రావడం మొదలైతే గూడు దగ్గరకి వచ్చినట్టు. అక్కడ పార పక్కన పెట్టి బొరిగె తియ్యాలి. ఎలుక మూలకి చేరాక గోనెసంచి మూతి అడ్డం పెట్టి వెనక నుంచి బద్దతో కదిపితే సంచిలోకి దూకుతుంది. చంపడం ఒక్క దెబ్బలో అయిపోవాలి. మంటలో వెయ్యడం, నీటిలో ముంచి ఉంచడం చెయ్యకండి, అది అనవసరమైన హింస. గాదెలో ధాన్యం తీసి, పిల్లలుంటే వాటినీ తీసెయ్యాలి. చచ్చినవాటిని రెండడుగుల లోతున పూడ్చాలి.

ఇంగ్లాండులో కుందేళ్లని ఇలాగే పడతారని వీడియోలు చూసి, మన దగ్గర కూడా చెయ్యొచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. అక్కడ ఫెర్రెట్ అనే పెంపుడు జంతువుని కన్నంలోకి వదులుతారు. బయటి దారులన్నిటి మీదా తాడుతో మూతి బిగిసే చిన్న వలలు పరుస్తారు, బెదిరిన కుందేలు వచ్చి అందులో పడుతుంది. ఒక్కోసారి ఫెర్రెట్ లోపలే కుందేలుని చంపి, తిని, అక్కడే పడుకుంటుంది. అప్పుడు దాని మెడపట్టీలోని ట్రాన్స్‌మిటర్ సిగ్నల్ పట్టుకుని, ఏ చోట ఎంత లోతులో ఉందో చూసి తవ్వి తీస్తారు. ఇక్కడ అది కుదరదు. మన చెవులపిల్లి కన్నాల్లో ఉండదు, గడ్డి దుబ్బు చాటున పడుకుంటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని వేటాడటం నేరం. ఫెర్రెట్ బదులు ముంగిసని పెడదామన్నా అదే చట్టం అడ్డు, ముంగిసని పట్టకూడదు, పెంచకూడదు. వాళ్ల దగ్గర నేర్చుకోదగినవి రెండే: పని మొదలయ్యే ముందే అన్ని దారుల మీదా వల పడాలి, గట్టు మీద అడుగుల చప్పుడు ఉండకూడదు. పైన గోలగా ఉంటే లోపలున్నది బయటికి రాదు.

ఊరకుక్క తోడుంటే ఎలుకున్న కన్నాన్ని వాసనతో పసిగడుతుంది, తప్పించుకున్నదాన్ని మడిలో పట్టేస్తుంది. కానీ ఆ చుట్టుపక్కల ఎవరైనా మందు పెట్టి ఉంటే కుక్కని తీసుకెళ్లొద్దు. బ్రోమాడియోలోన్ అనే ఎలుకల మందు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు తిరుగుతుంది. దాన్ని తిన్న కుక్కకీ గుడ్లగూబకీ విషం ఎక్కుతుంది. అందుకే ముందు తవ్వకం, మిగిలిన కన్నాలకే మందు. కిలో ఎరకి నూకలు 960 గ్రాములు, నూనె 20 గ్రాములు, 0.25 శాతం మందు పొడి 20 గ్రాములు. తొడుగులేసుకుని కర్రతో కలిపి, 15 గ్రాముల చొప్పున పొట్లం కట్టి, ఎలుకున్న కన్నం లోపలికి నెట్టాలి, గట్టు మీద పెట్టకూడదు. మందు పెట్టిన గట్ల మీది ఎలుకని ఆ సీజన్లో ఎవరూ తినకూడదు. పక్క రైతులకీ, ఎలుకలు పట్టి తినే కుటుంబాలకీ ఈ మాట ముందే చెప్పాలి. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల జోలికి మాత్రం పోకండి. వాటి వాయువు మనిషిని చంపుతుంది, రైతులకి అమ్మడానికి అనుమతే లేదు.

తవ్విన చోటుని అదే రోజు పూడ్చాలి. మట్టి ఒక్కసారి కుమ్మరించకుండా అరడుగు చొప్పున వేసి, నీళ్లు చల్లి, తొక్కాలి. వదులు మట్టిలో కొత్త ఎలుక సులువుగా ఇల్లు కట్టుకుంటుంది, పైగా మొదటి వానకే గండి పడుతుంది. గట్టుని అడుగు వెడల్పుకి మించకుండా చెక్కి ఉంచితే లోపల గూటికి చోటు చాలదు. చెరువు గట్టుని, పెద్ద కాలువ గట్టుని మాత్రం ఎప్పుడూ తవ్వొద్దు. అక్కడ పొగ పెట్టి మూసెయ్యడం వరకే. ఒక్క రైతు తన గట్లు శుభ్రం చేసుకుంటే వారం తిరక్కుండా పక్క పొలం ఎలుకలు వచ్చి చేరతాయి. ఒక చెరువు కింద ఆయకట్టు అంతా ఒకే వారంలో దిగాలి.

ఎలుక కరిస్తే సబ్బుతో పావుగంట కడిగి ఆస్పత్రికి వెళ్లాలి. పాము కరిస్తే కోయడం, కట్టు బిగించడం వద్దు. ఆ చెయ్యో కాలో కదపకుండా ఉంచి 108కి ఫోన్ చెయ్యాలి. కాళ్ల మీద పగుళ్లు, గాయాలు ఉన్నవాళ్లు బురదలో దిగి తవ్వొద్దు, ఎలుక మూత్రం కలిసిన తడిమట్టి నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. తవ్విన తర్వాత నెల లోపు గట్టి జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే మామూలు జ్వరమని మాత్ర వేసుకుని ఊరుకోకండి. ఎలుక కన్నాలు తవ్వామని డాక్టరుకి మొదటే చెప్పండి, ఆ మాట చెప్పకపోతే ఆ జ్వరాన్ని అనుమానించడం వాళ్లకీ కష్టమే.