విషయం ఎక్కడుంది?

న్యూజెర్సీలో సరుకు రవాణా కంపెనీలో పని నాది. వారం వారం కస్టమర్లకు మెయిల్‌లో వెళ్లే న్యూస్‌లెటర్ రాసేది నేనే. చేరిన కొత్తలో నా రాత చూసి మా మేనేజర్ ఒకటే అడిగింది, విషయం ఎక్కడుందని. నాలుగో పేరాలో ఉంది మరి. బళ్లో మాకు ఉత్తరం రాయడం నేర్పిందే అలా. ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను, వానలు పడ్డాయి, గేదె ఈనింది. డబ్బు పంపమనే మాట చిట్టచివర, సంతకం పక్కన.

ఇక్కడ ఫోన్‌లో కనిపించేది సబ్జెక్ట్ లైనే, అదీ ఓ నలభై అక్షరాలు. ఆ పైన చుక్కలు. చివరికి నాకు దారి చూపింది మన టెలిగ్రామ్. మాటకింత అని కట్టాలి కాబట్టి అందులో కుశలప్రశ్నలు ఉండేవి కావు. 'మదర్ సీరియస్, స్టార్ట్ ఇమీడియట్లీ.' మా బాబాయికి అలాగే వస్తే పరుగున ఊరొచ్చాడు. నానమ్మ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పెళ్లిచూపులట! అమెరికాలో వ్యాపార మెయిల్‌కి ఆ వేషాలు చెల్లవు. సబ్జెక్ట్ లైన్ మోసపుచ్చకూడదని 2003 నాటి క్యాన్-స్పామ్ చట్టం.

2024 మార్చి 26. తెల్లారేసరికి బాల్టిమోర్‌లో కీ బ్రిడ్జి లేదు. దాలి అనే ఓడ ఢీకొట్టింది. ఓడ సిబ్బంది దాదాపు అంతా భారతీయులే. కూలిన వంతెన ఓడల దారికి అడ్డంపడి రేవు మూతపడింది, ఓడలు మావైపు మళ్లాలి. గంటలో మెయిల్ వెళ్లాలన్నారు. పైనుంచే సబ్జెక్ట్ లైన్ కూడా వచ్చింది: 'వంతెన కూలింది, మీ సరుకు సేఫేనా?'

పదునుగా ఉంది. అబద్ధం లేదు. అందరూ తెరుస్తారు కూడా. కానీ రాత్రి షిఫ్టులో ఆ వంతెన మీద గుంతలు పూడుస్తున్న ఆరుగురు అప్పటికింకా దొరకలేదు. మెక్సికో, గ్వాటెమాలా, హోండురస్, ఎల్ సాల్వడార్ నుంచి పని కోసం వచ్చినవాళ్లని తర్వాత తెలిసింది. ప్రాణాలతో దొరకరని కూడా ఆ సాయంత్రానికే తేలిపోయింది. మనుషుల కోసం నీళ్లలో వెతుకుతుంటే సరుకు సేఫా అని అడగడానికి నాకు చెయ్యి రాలేదు.

'బాల్టిమోర్ రేవు మూత, కంటైనర్లు ఇటే' అని మార్చాను. చప్పగా ఉందంది మా మేనేజర్. టైమ్ లేదు కాబట్టి సరేనంది.

పది నిమిషాల్లో మొదటి జవాబు వచ్చింది. 'ఏ టెర్మినల్?'