రిపోర్టులన్నీ నార్మల్, కాళ్లు మాత్రం మొద్దు

రెండున్నరేళ్ల పాటు పళ్లు, కూరగాయలే నా తిండి. పప్పులు, గింజలు ఎప్పుడో ఒకసారి. పాలు, గుడ్లు అసలు లేవు, అంతకుముందు కూడా పెద్దగా తినేదాన్ని కాదు. ఈరోజే నాలుగో విటమిన్ బి12 ఇంజెక్షన్ చేయించుకుని వచ్చాను. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మొదటి ఏడాది హాయిగా గడిచింది. బరువు తగ్గాను, మలబద్ధకం పోయింది. మధ్యలో అరచేతులు పచ్చబడితే కామెర్లేమోనని భయపడ్డాం గానీ కళ్లు తెల్లగానే ఉన్నాయి. క్యారెట్లు తగ్గించాక ఆ రంగు మెల్లగా పోయింది.

రెండో ఏడాది దాటాక అరికాళ్లలో సూదులు గుచ్చినట్టు మొదలైంది. నాలుక మండేది. చీకట్లో నడిస్తే తూలేదాన్ని. ఒకరోజు కాలి నుంచి చెప్పు జారిపోతే నాకు తెలియనే లేదు, పది అడుగులు వేశాక కిందకి చూస్తే ఒక కాలికి చెప్పు లేదు. ఆ రోజు నిజంగా భయమేసింది.

డాక్టర్ దగ్గరికి వెళ్తే మామూలు రక్తపరీక్ష రాశారు. హిమోగ్లోబిన్ బాగుంది, షుగర్ లేదు, థైరాయిడ్ లేదు. ఆయన రిపోర్టు పక్కన పెట్టి, నా వైపు కాకుండా మా ఆయన వైపు తిరిగి, "ఇంట్లో ఏమైనా టెన్షన్లా? మీ ఆవిడ ఎక్కువ ఆలోచిస్తున్నట్టున్నారు, కాస్త బయటికి తీసుకెళ్తూ ఉండండి" అన్నారు. కాళ్లు నావి, నొప్పి నాది, మాట మాత్రం మా ఆయనతో! నేను చెప్పు సంగతి మళ్లీ చెప్పబోతే "అవన్నీ ఆలోచనలేనమ్మా" అని నిద్రమాత్ర రాసిచ్చారు. తలుపు తీసే ఉంది, బయట కూర్చున్నవాళ్లంతా విన్నారు. మా ఆయన కూడా దారిలో "ఆయన చెప్పింది నిజమేనేమో" అన్నాడు, అదింకా గుచ్చుకుంటోంది. ఏం తింటున్నావని మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఆ మాత్ర నేను వేసుకోలేదు. వారం పాటు తిన్నదంతా కాగితం మీద రాసి ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఆ కాగితం చదివి, రెండు కొమ్ములున్న ఒక ఇనుప పరికరాన్ని మోగించి నా మణికట్టు మీద పెట్టారు, అదురు తెలిసింది. కాలి బొటనవేలి మీద పెట్టారు, ఏమీ తెలియలేదు. వెంటనే బి12 పరీక్ష రాశారు. మిల్లీలీటరు రక్తానికి 200 పికోగ్రాముల కన్నా తక్కువుంటే సాధారణంగా లోపం కింద లెక్క, నాకు 128 వచ్చింది.

మరి మొదటి రిపోర్టు ఎందుకు బాగుంది? ఆకుకూరల్లో, పళ్లలో ఫోలేట్ అనే ఇంకో బి విటమిన్ బాగా ఉంటుంది. బి12 తగ్గినా ఆ ఫోలేట్ వల్ల రక్తం మామూలుగానే కనిపించవచ్చు. నరాల పైపొరకు మాత్రం బి12 కావాల్సిందే, దాని పని ఫోలేట్ చేయలేదు. పళ్లలో, కూరగాయల్లో బి12 ఉండదు. లివర్‌లో ఉన్న నిల్వ కొన్నేళ్లు నెట్టుకొస్తుంది, అందుకే మొదట్లో అందరికీ అంతా బాగానే అనిపిస్తుంది. స్పైరులినా (నీటి నాచు పొడి) చాలని నమ్మబలికేవాళ్ల మాట వినకండి, అందులో ఎక్కువగా ఉండేది మన ఒంటికి పనికిరాని రకం బి12.

ఇలా తినేవాళ్లు బి12 పరీక్ష నోరు తెరిచి అడగండి. రక్తం ఇచ్చేదాకా బి12 మాత్రలు మొదలుపెట్టకండి, అంకె పెరిగిపోయి అసలు సంగతి దాగిపోతుంది. సన్నబడ్డారని మెచ్చుకునేవాళ్లను నమ్ముకోకండి, నన్ను అందరికన్నా ఎక్కువ మెచ్చుకుంది నేను తూలుతున్న రోజుల్లోనే.

ప్రొటీన్ లెక్క కూడా ఆ రెండో డాక్టరే చెప్పారు. 60 కిలోల మనిషికి రోజుకు 48 గ్రాములు కావాలి, అరటిపళ్లతోనే రావాలంటే నాలుగు కిలోలకు పైగా తినాలి. ఇప్పుడు పళ్లు, కూరగాయలు మానలేదు, వాటి పక్కన రోజూ పప్పు, గింజలు, పెరుగు చేర్చాను. ఇంజెక్షన్లయ్యాక బి12 మాత్ర ఎప్పటికీ వాడాలి.

నాలుక మంట పోయింది. కుడి కాలు తేలికైంది. ఎడమ బొటనవేలికి మాత్రం ఇంకా స్పర్శ రాలేదు, నరాలు కోలుకోవడానికి నెలలు పడుతుందన్నారు. వచ్చే వారం ఐదో ఇంజెక్షన్.